ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇప్పుడు కోర్సులున్నాయి. పళ్ళెం ఏ చేత్తో పట్టుకోవాలి, నీళ్ళు ఏ వైపు నుంచి పోయాలి, ఎంత నవ్వాలి, అన్నీ బొమ్మలు వేసి చూపిస్తున్నారు. అవి నేర్చుకోవడానికి వారం చాలు. ముప్పై నాలుగేళ్ళు చేసినా నాకు సరిగ్గా పట్టుబడనిది వేరే ఉంది. దాని గురించే రాస్తున్నాను.

నా పేరు తాతారావు. మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. టెక్కలిలో ఒక టిఫిన్ హోటల్లో సర్వరుగా చేరి, పలాసలో హైవే పక్కన ఒక ఫ్యామిలీ రెస్టారెంటులో కెప్టెన్‌గా పని విరమించాను. కెప్టెన్ అంటే ఏదో ఓడ ఉంటుందనుకోకండి. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో చూసే మనిషిని మా దగ్గర అలా అంటారు.

సోమయాజులు గారి సాంబారు

టెక్కలిలో నా మొదటి యజమాని సోమయాజులు గారు. పురోహితుల ఇంట్లో పుట్టి, మంత్రాలు నోటికి రాక హోటల్ పెట్టానని ఆయనే చెప్పేవారు. నోటికి వచ్చినవి తిట్లు. ఇడ్లీ చల్లారిపోయిందని ఎవరైనా అంటే, "నువ్వు పేపరంతా చదివేదాకా అది నీకోసం పొగలు కక్కుతూ కూర్చుంటుందా?" అనేవారు. అయినా ఆ హోటల్లో జాగా దొరికేది కాదు. ఆయన తిట్టని రోజు తమకేదో తక్కువైందని నొచ్చుకునే ఖాతాదార్లను నేను చూశాను.

అక్కడికి రోజూ ఒక ఆఫీసు గుమాస్తా వచ్చేవాడు. నన్ను చిటికె వేసి పిలిచేవాడు. మాట ఉండదు, చిటికే. ఒకటి అయితే నీళ్ళు, రెండు అయితే చట్నీ. నాకప్పుడు ఇరవై దాటాయి, రక్తం వేడి మీద ఉంది. ఎదురు చెప్పే ధైర్యం లేదు కాబట్టి నెల రోజులు అతనికి బకెట్ అడుగు కలపకుండా పైనున్న తేట సాంబారే పోశాను. ముక్కలన్నీ పక్క బల్లకు వెళ్ళేవి. అతను కనిపెట్టలేదు. సోమయాజులు గారు కనిపెట్టారు.

నన్ను వంటింట్లోకి పిలిచి, "వాడు నిన్ను చిటికేసి పిలిచాడు. వాడింట్లో వాడికి నేర్పలేదు. నువ్వు ముక్కల్లేని సాంబారు పోశావు. అది నా హోటల్లో నీకెవరు నేర్పారు?" అన్నారు.

ఆయన అక్కడితో ఆగలేదు. బయటికి వచ్చి అందరి ముందూ గుమాస్తాతో, "ఏమయ్యా, వీడికి తాతారావని పేరుంది. చిటికెకు మా వీధి కుక్క కూడా రాదు" అన్నారు. మర్నాటి నుంచి ఆ గుమాస్తా నన్ను "తాతారావు గారూ" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ గారూలో ఎంత విషం ఉండేదంటే, చిటికే నయమనిపించేది.

ఆ రోజు నాకు అర్థమైంది ఇంతే: కుర్చీలో కూర్చున్నవాడూ పక్కన నిలబడ్డవాడూ ఒకరినొకరు తూచుకుంటూనే ఉంటారు. వాళ్ళు మన గోళ్ళు చూస్తారు, మనం వాళ్ళ చెప్పులు చూస్తాం. వాళ్ళు కోపం వస్తే అరుస్తారు. మనం అరవలేం కాబట్టి ఆలస్యం చేస్తాం. ఫ్యాను వేయడం మరిచిపోతాం. 'అయిపోయిందండీ' అని నవ్వుతూ చెబుతాం. నవ్వుతూ చేసే అమర్యాదకు మించిన ఆయుధం మా పనిలో లేదు. దాన్ని నేను బాగా నేర్చుకున్నాను.

వెల్కమ్ సర్

పలాస రెస్టారెంటుకు విశాఖపట్నం నుంచి శ్రీధర్ అనే మేనేజరు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. మంచివాడే, గట్టిగా మాట్లాడి ఎరగడు. వచ్చిన వారంలో మా అందరినీ వరసగా నిలబెట్టి "గుడాఫ్టర్నూన్ సర్, వెల్కమ్" అని అనిపించాడు.

మొదటి రోజే సుమ్మాదేవి నుంచి ఒక రైతు వచ్చాడు. రైలు దిగి, బజారు పని చూసుకుని, భోజనానికి వచ్చిన మనిషి. నేను తలుపు తీసి, కొంచెం వంగి, వెల్కమ్ సర్ అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"బోయినం హోటలు ఏడ బావూ?" అన్నాడు.

"ఇదేనండి."

"ఇదైతే నన్ను సారంటావేటి?" అని ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూసి, రోడ్డు దాటి ఎదురు పాకలోకి వెళ్ళిపోయాడు.

శ్రీధర్ అద్దంలోంచి ఇదంతా చూశాడు. "ఆయన మన టైపు కస్టమర్ కాదులెండి" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. మన టైపు ఎవరో, కానివాళ్ళెవరో గుమ్మంలోనే తేల్చేయడం నా ఉద్యోగమైంది. ముందు వైపు అద్దాల తలుపు వెనక ఏసీ హాలు. దాని వెనక మామూలు హాలు. ఆ మామూలు హాలు చివర, చేతులు కడుక్కునే చోటు పక్కన, ఒక మూల బల్ల. మనిషి మెట్లెక్కే లోపలే ఈ మూడింట్లో ఏది అతనిదో నాకు తెలిసిపోయేది. ఈ విద్య చూసి నేను గర్వపడేవాణ్ణి.

మూల బల్ల

ఎర్రమ్మ, సింహాచలం దంపతులు మొదటిసారి వచ్చింది ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండు దాటాక. కవిటి అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె వాళ్ళది. ఆయన పడవ మీద వేటకు వెళ్ళే మనిషి. ఆ ఉద్దానం ప్రాంతంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. వారానికి రెండుసార్లు పలాస ఆస్పత్రిలో డయాలసిస్. ఆవిడ పొద్దున్నే చేపల తట్టతో వచ్చి బజారులో అమ్ముకుని, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళి, ఆయన్ను తీసుకుని మా దగ్గరికి వచ్చేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసింది తట్ట వాసన ఒక్కటే.

"ఏసీ హాలు బుక్ అయిపోయిందమ్మా" అన్నాను, చాలా మర్యాదగా. అద్దం వెనక బల్లలన్నీ ఖాళీగా కనిపిస్తూనే ఉన్నాయి. వాళ్ళను మూల బల్లకు తీసుకెళ్ళాను.

ఒక్క భోజనం, రెండో పళ్ళెం ఖాళీగా ఇమ్మన్నారు. కూరలో ఉప్పు లేకుండా కావాలన్నారు. ఆయన నీళ్ళ గ్లాసు ముట్టకుండా ఐసు ముక్క ఒకటి అడిగి బుగ్గన పెట్టుకున్నాడు. ఆ బల్లకు వడ్డించే మా సర్వరు లోపలికి వచ్చి, "ఒక బోయినం ఇద్దరికంట, ఉప్పు ఒద్దంట, ఐసు గావాలంట. పెళ్ళోరింటికొచ్చినారనుకున్నారేటో" అన్నాడు. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను.

తర్వాత శుక్రవారం వచ్చారు. మళ్ళీ బుక్ అయిపోయిందన్నాను. మూడోసారి నేను నోరు తెరిచేలోగానే ఆవిడ నన్ను దాటి నేరుగా మూలకు వెళ్ళి, ఆయన్ను కూర్చోబెట్టి, తిరిగి నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"బావూ, నీసు వాసన మాకూ తెలుసు. అద్దాల గదిలో కూకోమన్నా మేం కూకోం. వాసనొత్తాది, ఎనక్కి ఎల్లమ్మా అంటే ఎల్లిపోమా? అబద్దం ఎందుకాడినావు?"

ఎవరైనా అరిస్తే ఏం చేయాలో నాకు తెలుసు. తల వంచి సారీ అనాలి. ఇలా అడిగితే ఏం చేయాలో ఎక్కడా నేర్పలేదు. "లేదమ్మా, నిజంగానే..." అని ఇంకో అబద్ధం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. ఆవిడ తల ఊపి వెళ్ళి భర్త పక్కన కూర్చుంది.

నా ప్రాయశ్చిత్తం

తప్పు చేసినవాడు దాన్ని దిద్దుకోవాలనుకున్నప్పుడు ఎదుటివాడికి ఏం కావాలో అడగడు. తనకు ఏం కావాలో అదే చేస్తాడు. నేనూ అంతే. తర్వాతి మంగళవారం వాళ్ళు వద్దంటున్నా వినకుండా ఏసీ హాలు నడిమధ్య, అందరికీ కనిపించే బల్ల మీద కూర్చోబెట్టాను. "రండమ్మా, కూర్చోండయ్యా" అని కుర్చీలు కూడా నేనే లాగాను. ఎంత మంచివాణ్ణో నాకే ముచ్చటేసింది.

నాలుగు గంటలు మిషను మీద రక్తం శుద్ధి చేయించుకుని వచ్చిన మనిషి ఆయన. ఏసీ గాలి తగలగానే పళ్ళు టకటకలాడాయి. ఎర్రమ్మ తన పైట ఆయన భుజాల మీద కప్పి, నా వైపు తిరిగి, "సలి బావూ, ఈయన ఓర్సుకోనేడు. ఆ మూలకే పంపించు" అంది. కానీ అప్పటికి అన్నం వడ్డించేశారు. ఆయన వణుకుతూనే తిన్నాడు. ఆయన మోచేతికి కట్టిన కట్టు మీద ఎర్రటి మరక కనిపిస్తోంది.

పక్క బల్ల మీద ప్రకాశరావు గారున్నారు. ఏదో ఆఫీసులో సూపరింటెండెంటు. మా హోటల్ మొత్తంలో అంతటి మర్యాదస్తుడు లేడు. నీళ్ళు పోస్తే థాంక్యూ, ప్లేటు తీస్తే థాంక్యూ. చేయి కడుక్కుని వెళ్తూ నా దగ్గర ఆగి, చాలా మెల్లగా అన్నాడు.

"నాకేం అభ్యంతరం లేదు తాతారావ్ గారూ. పాపం, చూస్తే జాలేస్తుంది. కాకపోతే ఆ చేతి కట్టు చూస్తుంటే ముద్ద దిగలేదండి. ఆ వాసన ఒకటి. మేనేజర్ గారితో ఒక మాట అనండి, ప్లీజ్."

నేను అనలేదు. ఆయనే అన్నాడు. మర్నాడు శ్రీధర్ నన్ను పిలిచి, "వాళ్ళను రావద్దని చెప్పకండి, అది బాగోదు. పార్సిల్ అలవాటు చేయండి. మీరైతే నొప్పించకుండా చెప్పగలరు" అన్నాడు.

చెప్పగలిగాను. శుక్రవారం వాళ్ళు రాగానే గుమ్మంలోనే ఎదురెళ్ళి, "అమ్మా, అయ్యగారికి ఇక్కడ కూర్చోవడం శ్రమ కదా. చక్కగా పార్సిల్ కట్టిస్తాను. ఆస్పత్రి వరండాలో గాలికి ప్రశాంతంగా తినొచ్చు. మీరు వచ్చే రోజుల్లో సిద్ధంగా ఉంచుతాను" అన్నాను. నా ఉద్యోగంలో అంత అందంగా మాట్లాడింది ఇంకెప్పుడూ లేదు. ఒక్క మాట తప్పు పట్టడానికి లేదు.

సింహాచలం ఆమె వైపు చూశాడు. ఆమె, "అలాగే బావూ" అంది. పార్సిల్ రెండు చేతులతో అందుకుంది. మెట్లు దిగేటప్పుడు ఆయన రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు దగ్గరా ఆగడం అద్దంలోంచి చూశాను. మళ్ళీ మూడు డయాలసిస్ వాయిదాలు వాళ్ళు రాలేదు. పార్సిలుకూ రాలేదు.

కూర్మయ్య గిన్నె

మా వంట మేస్త్రీ కూర్మయ్య నోరు మంచిది కాదు. సర్వర్లను, కూరగాయలను, గ్యాసు బండను, ఓనరును ఒకే రకంగా తిడతాడు. శ్రీధర్ అతన్ని హాల్లోకి రావద్దని ఆంక్ష పెట్టాడు.

మూడో వాయిదా రోజు మధ్యాహ్నం నేను వంటింట్లోకి వెళ్తే, పొయ్యి చివర ఒక చిన్న గిన్నె మూతపెట్టి ఉంది.

"ఏటి బావా, ఆ సేపలోడు రాటంనేదేటి? ఇయ్యాల్టితో మూడోసారి పారబోత్తన్నాను" అన్నాడు కూర్మయ్య.

"ఏమిటది?"

"ఏటేటి? ఆడి కూర. ముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఏరే నీళ్ళలో ఉడకబెట్టాల. అలగైతేనే ఆడు తినొచ్చు. ఉప్పెయ్యకపోతే సాలనుకున్నారేటి మీరు? మా అన్నకి ఆరేళ్ళు ఒండినాను నాను."

వాళ్ళు వచ్చిన రెండో రోజు నుంచే ఎవరూ చెప్పకుండా అతను ఆ గిన్నె వేరుగా పెడుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆ బల్లకు వడ్డించే మా సర్వరుకూ తెలియదు. అతనికి గిన్నె అందిస్తూ కూర్మయ్య చెప్పిన మాట 'పట్టుకెళ్ళి సావు' అన్నదే.

వాళ్ళు ఎందుకు రావడం లేదో అతనికి చెప్పాల్సి వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తిడతాడని చూశాను. తిట్టలేదు. గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టి, "శానా బాగా సెప్పినావు బావా" అన్నాడు. నన్ను ఎవరూ అంత తిట్టలేదు.

ఆ గిన్నెలోది డబ్బాలో పోయించుకుని ఆస్పత్రికి వెళ్ళాను. వరండాలో బల్ల మీద సింహాచలం పడుకుని ఉన్నాడు. ఎర్రమ్మ ఇంటి నుంచి తెచ్చిన అన్నం కలుపుతోంది. నన్ను చూసి, "పార్సిల్ తెచ్చినావేటి బావూ?" అంది. వెటకారమో, మామూలుగానో, నేటికీ తేల్చుకోలేదు.

తప్పయిపోయిందని చెప్పడానికే వెళ్ళాను. ఇంతమందికి రోజూ సారీ చెప్పే నోటికి ఆ ఒక్కటి రాలేదు. "కూర్మయ్య పంపించాడు" అన్నాను. ఆయన లేచి రెండు ముద్దలు తిని, "ఉప్పు నేదు. బాగుంది" అని నవ్వాడు.

"మంగళవారం నుంచి రండమ్మా" అన్నాను.

"మల్లీ పార్సిలంటే?"

"అనను."

"నువ్వనవు. ఆ మేనేజరు బాబు అనమంటే?"

ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే, అంటాననే చెప్పాలి. నాకు ఇల్లుంది, ఆ ఉద్యోగం తప్ప ఇంకోటి రాదు. తిరిగి వస్తూ దారంతా ఆలోచించాను.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మేనత్త

యువకులు ఇక్కడ నా నుంచి ధైర్యం ఆశిస్తే క్షమించాలి. నేను శ్రీధర్‌కు ఎదురు తిరగలేదు. ఆ సాయంత్రం అతని టేబుల్ దగ్గరకు వెళ్ళి, చాలా మామూలుగా, "సార్, ఆ చేపలావిడ ఉంది కదా, ఆమె మేనల్లుడు ఫుడ్ ఇన్‌స్పెక్టరట. నిన్ననే తెలిసింది" అన్నాను.

పాత అబద్ధం వాళ్ళను బయటికి పంపడానికి ఆడాను, ఇది లోపలికి తేవడానికి. రెండింటికీ ఒకే నవ్వు వాడాను.

మంగళవారం శ్రీధర్ స్వయంగా గుమ్మంలో నిలబడ్డాడు. తట్ట తనే అందుకుని లోపల పెట్టించాడు. ఏసీ హాలా, మామూలు హాలా అని అడిగితే ఎర్రమ్మ మూల బల్ల అంది. అక్కడి ఫ్యాను ఆపించి, పాత కుర్చీ తీయించి, దిండున్న కుర్చీ వేయించాడు. ఈ సంగతి ఎలా చేరిందో గానీ, ప్రకాశరావు గారు కూడా చేయి కడుక్కోవడానికి వచ్చినప్పుడు ఆగి, "ఒంట్లో ఎలా ఉందండీ ఇప్పుడు?" అని సింహాచలాన్ని పలకరించాడు. ఆ రోజు ఆయన ముద్ద బాగానే దిగింది.

శ్రీధర్ మూడోసారి వచ్చి "ఇంకేమైనా కావాలా అమ్మా" అని వెళ్ళాక, ఎర్రమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"ఆ బాబు అలా నవ్వుతాడేటి? బయమేత్తంది."

చెప్పక తప్పలేదు. మెల్లగా చెప్పాను.

"మల్లీ అబద్దమేనా?" అంది. తర్వాత పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భర్తకు చెప్పింది. ఆయన నవ్వలేక దగ్గాడు. "మా మేనల్లుడు అయిదో తరగతి తప్పినాడు" అన్నాడు.

అలా సుమారు ఏడాదిన్నర వచ్చారు. ఆ మూల బల్ల దగ్గర నేను పెద్దగా ఏమీ మాట్లాడేవాణ్ణి కాదు. ఆవిడ అప్పుడప్పుడు మా చేపల కూర వైపు చూసి, ఈ చేప ఏ రోజుదో చెప్పేది. కూర్మయ్య ఒప్పుకోనట్టే తిట్టి, మర్నాడు చేపలు తెచ్చేవాణ్ణి మార్చేశాడు.

పెద్దదినం

ఒక వేసవిలో వాళ్ళు రావడం ఆగిపోయింది. ఈసారి కారణం నేను కాదు. సింహాచలం తమ్ముడు హోటలుకు వచ్చి, అన్న పోయాడని, పదకొండో నాటి పెద్దదినానికి నన్నూ కూర్మయ్యనూ రమ్మని వదిన చెప్పమందని చెప్పాడు. కూర్మయ్యకు సెలవు దొరకలేదు. శ్రీధర్ చాలా మర్యాదగా కాదన్నాడు.

నేను కవిటి దాకా బస్సులో, అక్కడి నుంచి కొబ్బరి తోటల మధ్య ఆటోలో వెళ్ళాను. ఇంటి ముందు షామియానా వేసి, ఇసుక మీద చాపలు పరిచి, వరసల్లో భోజనాలు పెడుతున్నారు. అలవాటు కొద్దీ పందిరి గుంజ పక్కన నిలబడి వడ్డన చూశాను. సాంబారు ముందు పోసి కూర తర్వాత తెస్తున్నారు. ఒకతను విస్తరి దాటుకుని నడుస్తున్నాడు. పిల్లల వరసకు పప్పు అందలేదు. చావింటికి వచ్చి ఈ లెక్కలేమిటని నాకే సిగ్గేసింది. కానీ కళ్ళు ఊరుకోలేదు.

ఎర్రమ్మ లోపలి నుంచి నన్ను చూసింది. మరిదిని పంపి పెద్దల వరసలో కూర్చోబెట్టించింది. నా పక్కన వాళ్ళ కులపెద్ద, ముసలాయన. నా తెల్ల చొక్కా, దువ్విన జుట్టు చూసి, "ఈ బాబు ఎవురమ్మా, ఆపీసరా?" అని అడిగాడు.

ఆమె గుమ్మం దగ్గరే ఆగింది. "కాదు మావా. పలాసలో మీవోడికి ఏడాదిన్నర అన్నం పెట్టినోడు" అంది.

వరసలో అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. ముసలాయన తన విస్తరిలోంచి అరటిపండు తీసి నా విస్తరిలో పెట్టాడు.

అన్నం పెట్టింది నేను కాదు, వండింది కూర్మయ్య, నేను గుమ్మంలోంచి వెళ్ళగొట్టినవాణ్ణి అని చెబుదామనుకున్నాను. నోట్లో ముద్ద ఉంది. అంతమందిలో ఆవిడ మాట కొట్టేయడం మర్యాద కాదనిపించింది. తల వంచి తిన్నాను.

ఆ భోజనం ఆటో ఎక్కేలోపే అరిగిపోయింది. ఆ మాట ఇంకా అరగలేదు.